40 వేల లోపు లాప్‌టాప్: ఐ5 8 జీబీనా, రైజెన్ 5 16 జీబీనా?

పగలు మీ ఆఫీసు పని, సాయంత్రం తమ్ముడి బీటెక్ చదువు, రాత్రి సినిమాలు, అన్నీ ఒకే లాప్‌టాప్ మీద అన్నారు. ఐ5-1235యు 8 జీబీ, రైజెన్ 5 7520యు 16 జీబీ, ఈ రెండింట్లో ర్యామ్ ఎక్కువ ఉందని రెండోదాని వైపు మొగ్గుతున్నారు. నా మాట వింటే మొదటిదే తీసుకోండి. కాకపోతే రెండు షరతులు: లోపల ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉండాలి, స్క్రీన్ ఐపీఎస్ రకం (ఏ కోణం నుంచి చూసినా రంగులు పెద్దగా మారనిది) అయి ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఆ ఐ5 స్టిక్కర్ చూసి మురిసిపోవడమే తప్ప లాభం లేదు.

ముందు ప్రాసెసర్ సంగతి. ఏఎండీ 7000 సిరీస్ పేర్లలో అసలు విషయం మూడో అంకెలో ఉంటుంది. 7520లో మూడో అంకె 2, అంటే జెన్ 2, 2019లో వచ్చిన డిజైన్. 4 కోర్లు, 8 థ్రెడ్లు. అదే 7530యు అయితే జెన్ 3, 6 కోర్లు, 12 థ్రెడ్లు. రెండింటి మీదా రైజెన్ 5 అనే రాస్తారు, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పైగా 7520యుకి ర్యామ్ ఎల్‌పీడీడీఆర్5 రకం, బోర్డుకే అతికించి వస్తుంది. రేపు పెంచుకుందామన్నా కుదరదు, పాడైతే బోర్డు మొత్తం మార్చాలి. ఇంటెల్ ఐ3-1215యు కూడా మామూలు పనుల్లో దీన్ని సులువుగా దాటేస్తుంది.

ఐ3 పేరెత్తాను కాబట్టి ఇదీ చూడండి. ఐ5-1235యులో 2 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు. ఐ3-1215యులో 2 పెద్దవి, 4 చిన్నవి. పెద్ద కోర్లు రెండింట్లోనూ రెండే, అందుకే ఎక్సెల్, బ్రౌజర్, జూమ్ కాల్‌లో తేడా కనిపెట్టడం కష్టం. పెద్ద ప్రాజెక్ట్ కంపైల్ చేసినప్పుడు, వీడియో ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు మాత్రం ఐ5 ముందుంటుంది. బడ్జెట్ మరీ బిగుసుకుంటే ఐ3కి దిగి, మిగిలిన డబ్బు ర్యామ్‌కీ మంచి స్క్రీన్‌కీ పెట్టడం నా దృష్టిలో తెలివైన బేరం. సెలెరాన్ ఎన్4020 లాంటివి (2 కోర్లే), ఎస్‌ఎస్‌డీ బదులు దానికంటే నెమ్మదైన ఈఎమ్‌ఎమ్‌సీ స్టోరేజ్ ఉన్నవి ఎంత తక్కువకి వచ్చినా వద్దు.

ర్యామ్ విషయంలో ఎంత అన్నదే కాదు, ఎలా అమర్చారన్నదీ చూడాలి. విండోస్ 11 ఖాళీగా కూర్చుంటేనే 3 నుంచి 4 జీబీ తినేస్తుంది. గ్రాఫిక్స్‌కి విడిగా మెమరీ ఉండదు కాబట్టి అదీ ఇందులోంచే పంచుకుంటుంది. 8 జీబీలో టీమ్స్ కాల్, పదిహేను క్రోమ్ ట్యాబులు, ఒక పెద్ద ఎక్సెల్ ఫైలు తెరిస్తే మెమరీ నిండిపోయి ఎస్‌ఎస్‌డీ మీద రాయడం మొదలవుతుంది, నత్తనడక అక్కడ మొదలు. తమ్ముడు సీఎస్ఈ అయితే ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ కలిపి నడపడానికి 16 జీబీ కనీసం కావాలి. పైథాన్, సీ, వీఎస్ కోడ్ వరకే అయితే 8తో నెట్టుకురావచ్చు. ట్యాలీ ప్రైమ్‌కి ఇదంతా అక్కర్లేదు, అది చాలా తేలిక సాఫ్ట్‌వేర్.

ఇంకో కిటుకు. ఐ5-1235యులో ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ అని డబ్బా మీద రాసినా, ర్యామ్ ఒకే స్టిక్ ఉండి సింగిల్ ఛానల్‌లో నడుస్తుంటే విండోస్‌లో అది ఉత్త యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అనే కనిపిస్తుంది, వేగమూ తగ్గుతుంది. రెండో స్టిక్ వేస్తే పేరు దానంతటదే ఐరిస్ ఎక్స్‌ఈగా మారుతుంది. షాపులో డెమో పీస్ ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. కుడివైపు కింద స్లాట్లు రెంటిలో ఒకటి వాడుకలో ఉందని చూపిస్తే నిశ్చింత. కొన్ని మోడళ్లలో 8 జీబీ అతికించి, పక్కన ఒక స్లాట్ ఇస్తారు, అదీ మంచిదే. టాస్క్ మేనేజర్ అప్పుడప్పుడు లేని స్లాట్లు కూడా చూపిస్తుంది, కాబట్టి కంపెనీ సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్ పత్రం కూడా చూసుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, తర్వాత వేసుకుందాంలే అనే పాత లెక్క ఇప్పుడు నడవదు. 16 జీబీ వేసి వచ్చే మోడల్‌కీ, 8 జీబీకి స్టిక్ కలిపితే అయ్యే మొత్తానికీ తేడా ఎంతో ఆ రోజు ధరల్లోనే చూడండి.

స్క్రీన్ గురించి కాస్త గట్టిగానే చెప్తాను. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. స్క్రీన్ మార్చడం ఖర్చుతో కూడిన పని, ఎవరూ చేయించరు. ఈ ధరలో కంపెనీలు మొదట కోత పెట్టేది ఇక్కడే. ‘ఫుల్ హెచ్‌డీ, యాంటీ గ్లేర్’ అని రాసి ఐపీఎస్ మాట ఎత్తలేదంటే టీఎన్ ప్యానెల్ అనే అనుమానించండి. పరీక్ష సులువు: మూత బాగా వెనక్కి వాల్చి కింది నుంచి చూడండి. టీఎన్ అయితే నల్లబడి రంగులు తిరగబడతాయి. రాత్రి మంచం మీద వాలి ఇద్దరు సినిమా చూడాలంటే అది నరకం. వెలుగు 220 నిట్స్ ఉంటే కిటికీ పక్కన పనిచేయలేరు, 250 ఇంటికి సరిపోతుంది, 300 దొరికితే వదలకండి. స్పెసిఫికేషన్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే, తెరలకి ప్రామాణికమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో సుమారు 62 శాతమే చూపించగలదు. సినిమాలకి పర్వాలేదు, ఫొటో ఎడిటింగ్‌కి, పెళ్లికార్డుల డిజైన్‌కి మాత్రం పనికిరాదు. తెరమీద చూసిన ఎరుపు వేరు, ప్రింటులో వచ్చే ఎరుపు వేరు. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు ప్యానెళ్లు వస్తుంటాయి, కాబట్టి డబ్బా మీది పూర్తి ప్రొడక్ట్ నంబర్‌తోనే వెతకండి.

మల్టీమీడియాలో ఇంకో రెండు ముక్కలు. యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోలని ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్‌లో పంపుతోంది. ఇంటెల్ 11వ తరం నుంచి దాన్ని హార్డ్‌వేర్‌లోనే విప్పుతాయి. రైజెన్ 5 5500యు, 7530యులలో ఆ సదుపాయం లేదు, ప్రాసెసర్ మీద భారం పడి ఫ్యాన్ మోగుతుంది, బ్యాటరీ తగ్గుతుంది. టీవీకి కలపాలనుకుంటే హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్టు 4కేని సెకనుకి 30 ఫ్రేములే ఇస్తుంది. సినిమాకి చాలు, మౌస్ కదిలిస్తే మాత్రం ఈడ్చినట్టుంటుంది.

బ్యాటరీకి ‘10 గంటలు’ అన్న ప్రకటన పక్కన పెట్టి వాట్ అవర్ చూడండి. ఈ తరగతిలో సాధారణంగా 42 వాట్ అవర్ దగ్గర ఉంటుంది. బ్రౌజర్ పనికి 7 వాట్లు లాగితే 6 గంటలు, వీడియో కాల్‌కి 11, 12 వాట్లు లాగితే మూడున్నర. టైప్-సీ పోర్టు కనిపించగానే ఛార్జింగ్ అవుతుందనుకోకండి, చవక మోడళ్లలో అది డేటాకి మాత్రమే ఉండొచ్చు. పవర్ డెలివరీ (టైప్-సీ నుంచి ఛార్జ్ చేసే పద్ధతి) అని రాసి ఉందో లేదో చూడండి. ఉన్నా, ఫోన్‌తో వచ్చిన 67, 80 వాట్ల ఛార్జర్లు చాలావరకు సొంత పద్ధతిలోనే ఆ వేగం ఇస్తాయి, లాప్‌టాప్‌కి అందులో కొంతే అందుతుంది.

ధరలో ‘డాస్’ అని ఉంటే విండోస్ లేదని అర్థం, దాని ఖర్చు కలుపుకోండి. ఆర్మ్ ప్రాసెసర్ (స్నాప్‌డ్రాగన్ లాంటివి) మోడళ్లు బ్యాటరీలో మేటి, కానీ ప్రింటర్లకీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లకీ డ్రైవర్లు ఆర్మ్ కోసం విడిగా రాసి ఉండాలి. కాలేజీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఏమేమి కావాలో కనుక్కోకుండా ఆర్మ్ మోడళ్ల జోలికి వెళ్లొద్దు.

సెకండ్ హ్యాండ్ కూడా ఆలోచిస్తున్నామన్నారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ లాంటి చోట ఆఫీసుల నుంచి వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు దొరుకుతాయి. కీబోర్డూ బాడీ కొత్త చవక మోడళ్ల కంటే బాగుంటాయి. కానీ ఇంటెల్ 8వ తరానికి తగ్గొద్దు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, 6, 7 తరాల్లో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా రాదు. కొనేముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి. విండోస్ రీసెట్ చేయించి, మొదటి సెటప్‌లో ఏదైనా కంపెనీ మెయిల్ ఐడీ అడిగితే ఆ పీస్ వదిలేయండి. అది ఇంకా పాత ఆఫీసు ఖాతాకే కట్టేసి ఉంది, మీరెన్నిసార్లు ఫార్మాట్ చేసినా మళ్లీ అదే అడుగుతుంది.

కొత్తదైతే డబ్బా సీలు తీసేటప్పుడే వీడియో తీసుకోండి. మొదటి రెండు రోజుల్లోనే ఇవి చేసేయాలి, రిటర్న్ గడువు దాటితే సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాల్సిందే. తెల్ల, నల్ల, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఒక్కొక్కటే ఫుల్ స్క్రీన్‌లో పెట్టి చచ్చిన పిక్సెళ్లు వెతకండి. నల్ల బొమ్మ చీకటి గదిలో చూస్తే అంచుల్లో వెలుగు కారుతుంటే తెలిసిపోతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి బ్యాటరీ రిపోర్ట్ తీయండి. అందులో ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, డిజైన్ కెపాసిటీకి దగ్గరగా ఉండాలి. కొత్తదని అమ్మిన పీస్‌లో ఛార్జ్ సైకిళ్లు పదుల్లో ఉంటే అది ఎవరో వాడి తిప్పి పంపినది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఎస్‌డీ నడిచిన గంటలు కూడా అదే చెప్తాయి. 512 జీబీ డిస్క్ 476 అని కనిపిస్తే కంగారొద్దు, అది లెక్కపెట్టే తీరులో తేడా. కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి వారంటీ మీ బిల్లు తేదీ నుంచే మొదలైందా చూసుకోండి. పాత తేదీ ఉంటే బిల్లు పంపి సరిచేయించుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఉచితంగా వచ్చి ఉంటే అదీ వెంటనే యాక్టివేట్ చేయండి, ఏ మెయిల్ ఐడీతో చేశారో రాసిపెట్టుకోండి.

ర్యామ్ మీరే వేసుకోవాలంటే: మూత తెరిస్తే వారంటీ పోతుందా అని ముందు కస్టమర్ కేర్‌ని అడగండి, కంపెనీని బట్టి మారుతుంది. పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, అడుగున స్క్రూలు విప్పండి. కొన్నిటికి రబ్బరు పాదాల కింద కూడా స్క్రూలుంటాయి, వాటిని చూడకుండా లాగితే క్లిప్పులు విరుగుతాయి. పాత సిమ్ కార్డు అంచుల్లో దూర్చి జరుపుతూ తెరవండి, స్క్రూడ్రైవర్ దూర్చొద్దు. బ్యాటరీ కనెక్టర్ ఊడదీసిన తర్వాతే స్లాట్ ముట్టుకోండి. స్టిక్ వాలుగా గాడిలోకి దించి, రెండు పక్కలా క్లిప్పులు టిక్కుమనేదాకా నొక్కండి. డీడీఆర్4, డీడీఆర్5 రకాల ర్యామ్‌ల గాడులు వేరు, ఒకదాంట్లో ఇంకొకటి పట్టదు. మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగా ఒకట్రెండు నిమిషాలు ఉండొచ్చు, కొత్త ర్యామ్‌ని గుర్తుపడుతోంది. పవర్ బటన్ నొక్కేయకుండా ఆగండి.

విండోస్ మళ్లీ ఎక్కించాల్సి వస్తే రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి వాటిలో సెటప్‌కి ఎస్‌ఎస్‌డీ అసలు కనిపించకపోవచ్చు. డిస్క్ పోలేదు, వీఎమ్‌డీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్ ఆన్‌లో ఉండటం వల్ల అలా అవుతుంది. కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టుకుంటే, లోడ్ డ్రైవర్ నొక్కగానే కనిపిస్తుంది. రెండోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని ఫైళ్లకి విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే కొత్త లాప్‌టాప్‌లలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయిపోతోంది. బయోస్ అప్‌డేట్ తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది లేకపోతే ఫైళ్లు తిరిగి రావు. ఇద్దరు వాడే మెషీన్ కాబట్టి మొదట ఎవరి ఖాతాతో లాగిన్ అయ్యారో ఆ ఖాతా పేజీలోకి వెళ్లి, ఆ కీని ఈరోజే కాగితం మీద రాసి బిల్లుతో పాటు దాచండి.