లంబసింగిలో 4 డిగ్రీలకే మంచు గడ్డకడుతుందా?

కడుతుంది. వాతావరణ యాప్ చూపించే 4 డిగ్రీలు మనిషి ఎత్తున ఉన్న గాలివి. తేటగా, గాలి ఆడని రాత్రి నేల అంతకంటే చల్లబడి సున్నాకు దిగుతుంది. గడ్డి మీద కనిపించే తెల్లటి పొర అలా గడ్డకట్టిన మంచే.

ఈసారి విశాఖ నుంచి బైక్ తీసే ముందు:

1. యాప్‌లో లొకేషన్ విశాఖ కాదు, లంబసింగి దగ్గరున్న చింతపల్లి పెట్టండి. సముద్రం పక్కన రాత్రి అంతగా చల్లబడదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఊరుకుంటారు. గంటలవారీగా తెల్లవారుజామున 3 నుంచి 6 వరకు మబ్బు, గాలి చూడండి. రెండూ లేవా, మంచుకు సిద్ధపడండి. మబ్బు పడితే అది దుప్పటిలా కాపాడుతుంది, టెన్షన్ వద్దు.

3. నర్సీపట్నం దాటాక ఘాట్ రోడ్డు ఎండ వచ్చాకే ఎక్కండి. సూర్యోదయం ఫొటో పోతే పోయింది.

మధ్యాహ్నం ఎండ బాగానే కాస్తుంది, జాకెట్ లోపల పలుచటి చొక్కా చాలు.