సెలవు పెట్టి పోటీ చేయొచ్చా?
సర్వీసు సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రెవెన్యూలో సీనియర్ అసిస్టెంటును, 22 ఏళ్ల సర్వీసు ఉంది. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో నిలబడమని ఊళ్లో ఒత్తిడి చేస్తున్నారు. జీతం లేని సెలవు పెట్టి పోటీ చేసి, ఓడిపోతే మళ్లీ డ్యూటీలో చేరొచ్చా?
– ఒక పాఠకుడు, పత్తికొండ, కర్నూలు జిల్లా

జవాబు: కుదరదు. సెలవులో ఉన్నా, చివరికి సస్పెన్షన్‌లో ఉన్నా మీరు ప్రభుత్వోద్యోగి కిందే లెక్క. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు శాసనసభకు అనర్హులని రాజ్యాంగం 191వ అధికరణ చెబుతోంది. లోక్‌సభకు 102వ అధికరణ. వీటికితోడు 1964 నాటి రాష్ట్ర ప్రవర్తనా నియమావళి పోటీనీ ప్రచారాన్నీ రెంటినీ నిషేధించింది. కెనడాలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు అక్కడి సర్వీసు కమిషన్ అనుమతితో జీతం లేని సెలవు మీద పోటీ చేయగలరు. మన దగ్గర అలాంటి సెలవే లేదు.

మీకున్న దారి స్వచ్ఛంద పదవీ విరమణ. తొందరపడి రాజీనామా మాత్రం రాయకండి. రాజీనామా చేస్తే పాత సర్వీసంతా పోతుంది, దాంతోపాటే పింఛనూ గ్రాట్యుటీ. 20 ఏళ్ల అర్హ సర్వీసు దాటినవారు మూడు నెలల ముందు నోటీసిచ్చి పింఛనుతో బయటికి రావచ్చు. మీకు ఆ అర్హత ఉంది కాబట్టి వదులుకోవద్దు.

చాలామంది దెబ్బతినేది తేదీల దగ్గర. నామినేషన్ల పరిశీలన రోజుకు అభ్యర్థికి అనర్హత ఉండకూడదు. 2024 ఎన్నికలనే చూడండి. షెడ్యూలు ప్రకటించింది మార్చి 16న, నామినేషన్ల గడువు ఏప్రిల్ 25, పరిశీలన 26న. మధ్య ఉన్నది 41 రోజులే. ప్రకటన వచ్చాక నోటీసిచ్చినవారికి మూడు నెలలు ఎక్కడ సరిపోతాయి? నాటి లెక్కన జనవరి మూడో వారానికే నోటీసు ఆఫీసులో పడి ఉండాలి. గడువు తగ్గించమని అడగొచ్చు గానీ, ఒప్పుకోవడం అధికారి ఇష్టం.

నోటీసు మీ నియామకాధికారి పేరిట, పై అధికారి ద్వారా పంపండి. ఏ తేదీ నుంచి విరమిస్తున్నారో స్పష్టంగా రాయండి. 'ఓడితే తిరిగి తీసుకోవాలి' లాంటి షరతు పెడితే ఆ కాగితం అక్కడే ఆగుతుంది. ఇన్‌వర్డ్ నంబరు వేయించిన నకలు ఇంట్లో ఉంచుకోండి. శాఖాపరమైన విచారణ పెండింగులో ఉంటే ఆమోదం ఆపే వీలుంది, కాబట్టి ముందు ఆ ఫైలు సంగతి తేల్చుకోండి. ఆమోద ఉత్తర్వు వచ్చాక ఛార్జి అప్పగించి, రిలీవింగ్ ఆర్డరు చేతికి తీసుకున్నాకే రిటర్నింగ్ అధికారి దగ్గరికి వెళ్లాలి. నోటీసు ఇచ్చామన్న రసీదు ఒక్కటే పట్టుకుని వెళ్తే పరిశీలనలో అభ్యంతరం ఖాయం. సీఐగా పనిచేసిన గోరంట్ల మాధవ్ 2019లో హిందూపురం లోక్‌సభ స్థానానికి నిలబడినప్పుడు, స్వచ్ఛంద విరమణ ఆమోదం ఆలస్యమై ట్రైబ్యునల్‌ను ఆశ్రయించాల్సి వచ్చింది. ఆయన నామినేషను నిలిచింది, గెలిచారు కూడా. కానీ నామినేషన్ల వారంలో కోర్టుల చుట్టూ తిరిగే స్థితి ఎవరికీ రాకూడదు.

ఇంకొక సంగతి. కర్నూలు సి-క్యాంపు లాంటి ప్రభుత్వ క్వార్టర్లలో గడిచిన పదేళ్లలో ఎప్పుడైనా ఉంటే అద్దె, కరెంటు, నీళ్లు, టెలిఫోను బకాయిలు లేవన్న ధ్రువపత్రాలు కావాలి. నాలుగు కార్యాలయాల నుంచి తెచ్చుకోవాలి కాబట్టి ముందే మొదలుపెట్టండి. ఆస్తులు, అప్పులు, కేసులు ప్రకటించే ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకండి, చెప్పాల్సిందేమీ లేనిచోట 'లేదు' అని రాయండి. అసెంబ్లీకి డిపాజిట్టు 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 5,000. స్వతంత్రంగా నిలబడితే ఆ నియోజకవర్గ ఓటర్లే పదిమంది ప్రతిపాదించాలి.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. మా ఆవిడ సర్పంచిగా పోటీ చేస్తానంటోంది. నా ఉద్యోగం అడ్డమా? మాకు ముగ్గురు పిల్లలు.
– ఒక పాఠకుడు, కదిరి

జవాబు: మీ ఉద్యోగం ఆమె అర్హతకు అడ్డం కాదు. ఇద్దరు పిల్లల నిబంధనను కూడా రాష్ట్రం 2024లో ఎత్తేసింది. జాగ్రత్తపడాల్సింది మీరు. ఇంటింటికీ ఆమె వెంట తిరగకూడదు, కరపత్రం పంచకూడదు, బండికి జెండా కట్టకూడదు, ప్రతిపాదకుడిగా సంతకం పెట్టకూడదు. వాట్సాప్‌లో 'మా ఇంటి అభ్యర్థికి ఓటేయండి' అని మీ నంబరు నుంచి పోతే అదీ ప్రచారమే, ఆ స్క్రీన్‌షాట్ ఫిర్యాదుకు జతవుతుంది. ఆ మండలంలోనే మీకు పోలింగ్ డ్యూటీ పడితే భార్య అభ్యర్థి అని రాతపూర్వకంగా తెలిపి వేరే చోటికి మార్పించుకోండి. రేపు ఆమె అసెంబ్లీకి నిలబడినా మీరు ఏజెంటుగా కూర్చోరాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 134ఎ కింద దానికి మూడు నెలల దాకా జైలుశిక్ష ఉంది.

ప్రశ్న: ఆర్టీసీ డ్రైవరును. మాది కార్పొరేషను కాబట్టి ఈ నిబంధనలు వర్తించవని తోటివాళ్లు అంటున్నారు.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: అది పాత మాట. 2020 జనవరి 1 నుంచి మీరంతా ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వోద్యోగులు. పంచాయతీకైనా అసెంబ్లీకైనా ఉద్యోగం వదిలాకే నామినేషను. ఎయిడెడ్ విద్యాసంస్థల సిబ్బందికి కూడా గ్రామ పంచాయతీకి పోటీ చేసే అర్హత లేదు.

ప్రశ్న: సచివాలయంలో ఆరేళ్ల సర్వీసు, సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పింఛను పథకం)లో ఉన్నాను. నాకు స్వచ్ఛంద విరమణ వస్తుందా?
– ఒక పాఠకురాలు, గుత్తి

జవాబు: రాదమ్మా, 20 ఏళ్లు నిండలేదు. రాజీనామా ఒక్కటే మార్గం. సీపీఎస్ ఖాతాలోని సొమ్ము పోదు గానీ, ముందే వదిలేసినవారికి అందులో ఎక్కువ భాగం పింఛను పథకం కొనడానికే పోతుంది, చేతికొచ్చేది కొంతే. ఆమోదం కాకముందు రాజీనామా వెనక్కి తీసుకోవచ్చు. ఆమోదమయ్యాక తిరిగి చేర్చుకోమనే హక్కు ఉండదు. పార్టీ టికెట్టు ఖాయమయ్యే దాకా కాగితం మీద సంతకం పెట్టకండి.