టైప్ కాస్టింగ్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

సి లాంగ్వేజ్‌లో టైప్ కన్వర్షన్ మీద, అంటే ఒక రకం విలువని ఇంకో రకంలోకి మార్చడం మీద, నువ్వు పంపిన చాప్టర్ రాత్రి కూర్చుని రెండుసార్లు చదివా. నీ తెలుగు హాయిగా సాగుతోంది, అది నాకు చాలా నచ్చింది. కానీ మొదటి పేజీలోనే ఇంప్లిసిట్ (దానంతటదే జరిగే మార్పు) అంటే ఇది, ఎక్స్‌ప్లిసిట్ (మనం రాసి చేయించే మార్పు) అంటే ఇది అని డెఫినిషన్లు పెట్టి కింద టేబుల్ గీసేసావ్. అమీర్‌పేట్ జిరాక్స్ షాపుల్లో దొరికే నోట్స్ అన్నీ అలానే ఉంటాయి, మళ్లీ నువ్వూ అదే రాయడం ఎందుకు చెప్పు.

మార్కుల మెమోతో మొదలుపెట్టు. 600కి 437 వచ్చాయి, పర్సంటేజ్ కావాలి, పిల్లాడు 437 / 600 * 100 అని రాస్తాడు, రన్ చేస్తే సున్నా వస్తుంది. ఆ సున్నా చూసి బిత్తరపోయిన మొహాలు నేను క్లాసులో ఎన్ని చూసానో, పాఠం సరిగ్గా అక్కడ మొదలవ్వాలి. రెండూ ఇంట్‌లే, అంటే పూర్ణసంఖ్యలే, కాబట్టి భాగహారం కూడా ఇంట్‌లోనే జరిగింది, పాయింట్ తర్వాతదంతా పోయింది, ఇంక మిగిలిన సున్నాని వందతో గుణిస్తే ఏమొస్తుంది. ఇప్పుడు ఫ్లోట్ (పాయింట్ ఉండే సంఖ్య) అని కాస్ట్ పెట్టించు, అంటే విలువ ముందు బ్రాకెట్లో ఆ టైప్ పేరు రాయించు, కానీ ఎక్కడ పెడుతున్నామో చూపించు. 437 / 600 మొత్తాన్ని బ్రాకెట్లో పెట్టి దాని ముందు కాస్ట్ రాస్తే మళ్లీ సున్నానే, పోవాల్సింది అప్పటికే పోయింది. ఒక్క 437 ముందు రాస్తే 600 కూడా దానంతటదే ఫ్లోట్ అయిపోయి 72.83 వస్తుంది. చూసావా, నీ ఇంప్లిసిట్ కన్వర్షన్ డెఫినిషన్ లేకుండానే దొరికింది.

కాస్ట్ చేస్తే వేరియబుల్ టైప్ మారిపోతుంది అని రాసావ్, అది తప్పు, వెంటనే కొట్టేయ్. వేరియబుల్ ఇంట్‌గానే ఉంటుంది, ఆ లెక్క కోసం దాని విలువ మాత్రం కొత్త టైప్‌లో తయారవుతుంది. ఇదే తప్పు నేను నా మొదటి నోట్స్‌లో రాసా, అది రెండు బ్యాచ్‌లు చదివాయి, ఒకమ్మాయి ఇంటర్వ్యూలో అదే చెప్పి వచ్చి నాకు ఫోన్ చేసింది. ఇప్పటికీ బాధే.

సైన్డ్ (మైనస్ విలువలూ పట్టేది), అన్‌సైన్డ్ (మైనస్ పట్టనిది) గురించి రెండే లైన్లు రాసావ్, అక్కడ మాత్రం ఆగి ఒక పేజీ రాయి. మైనస్ 1 అన్‌సైన్డ్ 1 కన్నా చిన్నదా అని అడిగితే సి కాదంటుంది, ఎందుకంటే పోల్చే ముందే మైనస్ 1 అన్‌సైన్డ్ అయిపోతుంది, ఇంట్ 32 బిట్లున్న మెషిన్‌లో అది 4294967295. పెద్ద పెద్ద ప్రోగ్రామర్లు కూడా ఇక్కడ దెబ్బతింటారు, ఎర్రర్ రాదు, ఏమీ రాదు, లూప్ తిరుగుతూనే ఉంటుంది.

ఏరియన్ 5 రాకెట్ కథ ఉంచు. 1996 జూన్ 4న 64 బిట్ల ఫ్లోట్ విలువని 16 బిట్ల ఇంటిజర్‌లోకి మార్చబోతే పట్టలేదు, బయల్దేరిన దాదాపు 40 సెకన్లకే రాకెట్ పోయింది. కాకపోతే ఆ కోడ్ సి కాదు, ఏడా లాంగ్వేజ్, నువ్వు సి అని రాసావ్, సరిచెయ్.

స్ట్రింగ్‌లో ఉన్న అంకెల్ని ఇంట్‌గా మార్చే ఎటోయ్ (atoi) ఫంక్షన్ పేరా తీసేసి స్ట్రింగ్ టు లాంగ్ (strtol) ఫంక్షన్ మీద రాయి, అక్షరాలిచ్చినా ఎటోయ్ సున్నానే ఇస్తుంది, నిజం సున్నాకీ దానికీ తేడా తెలీదు.

ప్రతి లైనూ జీసీసీ కంపైలర్‌లో కన్వర్షన్ వార్నింగ్ (-Wconversion) ఆన్ చేసి రన్ చెయ్, వాల్ (-Wall) అనే ఆప్షన్ పెడితే అది రాదు, విడిగా పెట్టాలి. వచ్చిన అవుట్‌పుట్టే పుస్తకంలో అతికించు, ఊహించి రాయకు. ఆదివారం పాత పుస్తకాల కోసం కోఠీ వస్తున్నా, ప్రింట్ తీసి పట్టుకురా, ఎర్ర పెన్ను నేను తెస్తా.

మీ అన్న