‘సెట్’ అనే ఇంగ్లీషు మాటకు అన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

సూర్యుడు కుంగినా సెట్, పుస్తకాల కట్టా సెట్, ఒకే మాట ఇన్ని పనులు ఎలా చేస్తోందని అడిగారు. నిజానికి అవి రెండు వేర్వేరు మాటలు.

క్రియగా వాడే సెట్ పాత ఇంగ్లీషు ‘సెట్టన్’ నుంచి వచ్చింది. అర్థం కూర్చోబెట్టడం. మనకు కూర్చోవడం, కూర్చోబెట్టడం ఉన్నట్టే వాళ్లకి సిట్, సెట్. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలా అర్థాలు వాటంతట అవే తేలిపోతాయి. అలారం సెట్ చేయడమంటే ముల్లుని ఒక గంట దగ్గర కూర్చోబెట్టడం. ఉంగరంలో రాయి సెట్ చేయడమంటే పొదగడం. పోసిన సిమెంటు గట్టిపడితే సెట్ అయినట్టు. రాత్రి తోడువేసిన పాలు పొద్దునకి గిన్నె వంచినా జారకుండా పెరుగైతే, ఇంగ్లీషులో దానికీ ఇదే మాట.

గుంపు అనే అర్థమున్న సెట్ మాత్రం లాటిన్ ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. తర్వాత రెండూ కలగలిసిపోయాయి.

1989 నాటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో ఈ క్రియకి దాదాపు 430 అర్థాలిచ్చారు. అందులో అన్నిటికన్నా పొడవైన వివరణ దీనిదే.

ఒక్క జాగ్రత్త: ‘ఈ షర్టు నీకు బాగా సెట్ అయింది’ అనేది మన వాడుక. ఇంగ్లీషులో రాసేటప్పుడు అక్కడ కొలత గురించైతే ఫిట్, అందం గురించైతే సూట్ వాడండి.