ఒక్క ఫ్లైట్ ప్లాన్‌కే అంతా ఆగిపోతుందా?

ప్రశ్న: 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో ఒకే ఒక్క ఫ్లైట్ ప్లాన్ వల్ల విమాన నియంత్రణ కంప్యూటర్లు మొరాయించాయని చదివాను. బ్యాకప్ ఉంటుంది కదండీ, అదేం చేసినట్టు?

జవాబు: అదీ అదే తప్పు చేసింది. ఆ ప్లాన్ లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్ వెళ్లే విమానానిది. దారిలోని బిందువుల్లో (విమానం దాటుకుంటూ వెళ్లాల్సిన, పేరు పెట్టిన స్థానాల్లో) ‘డీవీఎల్’ అనే పేరు రెండుచోట్ల ఉంది: అమెరికాలోని డెవిల్స్ లేక్, ఫ్రాన్స్‌లోని డోవిల్. మధ్య దూరం దాదాపు 4,000 నాటికల్ మైళ్లు.

ప్లాన్‌లోంచి బ్రిటన్ గగనతలానికి సంబంధించిన ముక్కను విడదీయడం ఆ సాఫ్ట్‌వేర్ పని. విమానం ఆ గగనతలం నుంచి బయటికెళ్లే బిందువు విమాన సంస్థ ఇచ్చిన ప్లాన్‌లో దొరకలేదు. దాని తర్వాతి బిందువుల కోసం వెతుకుతూ పోయి, ఫ్రాన్స్ డీవీఎల్‌కు బదులు అమెరికాది పట్టుకుంది. విమానం లోపలికి రాకముందే బయటికెళ్లినట్టు లెక్క తేలింది! తప్పుడు సమాచారం కంట్రోలర్లకు చేరకూడదని తనంతట తానే ఆగిపోయింది. బ్యాకప్‌లోనూ అదే ప్రోగ్రామ్, అందిందీ అదే ప్లాన్. 20 సెకన్లలోపే రెండూ పడిపోయాయి. హార్డ్‌వేర్ చెడితే జంట ఏర్పాటు కాపాడుతుంది గానీ, లాజిక్‌లోనే లోపముంటే ఏం లాభం? ఆ ఒక్క ప్లాన్‌ను పక్కన పెట్టి మిగతావి నడిపించేలా రాసి ఉండాల్సింది.

రాడార్, రేడియో బాగానే ఉన్నాయి. నాలుగు గంటలకు సరిపడా డేటా ముందే నిల్వ ఉండటంతో విమానాలు అప్పటికప్పుడు ఆగలేదు. కానీ చేత్తో ఎక్కించగలిగేది గంటకు 60 ప్లాన్లే. అందుకే గగనతలంలోకి అనుమతించే విమానాల సంఖ్యను బాగా కోసేశారు.