కొన్న లారీ ట్యాంకులో తేడా ఆయిల్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్ నమస్తే. నేను ఓనర్ కం డ్రైవర్‌ని, మాది తాడేపల్లిగూడెం దగ్గర. పోయిన నెల బ్రోకర్ ద్వారా పది టైర్ల లారీ తీసుకున్నా, 2020 చివర్లో రిజిస్టర్ అయిన బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బండి. డబ్బులు మొత్తం ఇచ్చేశా, ఆర్సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంది. బండి ఇచ్చేటప్పుడు "ట్యాంకులో సగానికి పైనే ఆయిల్ ఉంది, అది నీకు ఫ్రీ" అన్నాడు. దగ్గర ట్రిప్పులు రెండు వేశానో లేదో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ పడిపోతోంది, డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలుగుతోంది. మెకానిక్ ఫిల్టర్ విప్పి చూసి ఇది బంకు డీజిల్ కాదు, బిల్లు లేకుండా ట్యాంకర్ల నుంచి కొట్టే "బయో డీజిల్" అంటున్నాడు. ఇంకా 120 లీటర్ల దాకా ఉంది. పన్ను కట్టని ఆయిల్ దొరికితే కేసు అవుతుందా, బండి లాక్కుంటారా? పాత ఓనర్‌ని అడిగితే నాకేం తెలీదు అంటున్నాడు.

జవాబు: ముందు బండి పక్కన పెట్టెయ్యండి. కిరాయి పోతుందని మనసు పీకుద్ది, నాకు తెలుసు, కిస్తీ ఆగదు, కానీ ఆ ఆయిల్‌తో ఇంకో ట్రిప్పు వేస్తే మిగిలేది కిరాయి కాదు ఇంజెక్టర్ల బిల్లు. చుట్టుపక్కల వాళ్ళు చెప్పే సలహా ఒకటుంది, "పైన ఇంకో వంద లీటర్లు మంచి డీజిల్ కొట్టించెయ్, కలిసిపోద్ది" అని. అస్సలు చెయ్యొద్దు. కలిపితే చెడ్డది మంచిదవదు, మంచిది కూడా చెడుద్ది, పైగా మీ చేతిలో ఉన్న సాక్ష్యం పోద్ది. అలాగే ఆ 120 లీటర్లు తీసి ఊళ్ళో ట్రాక్టర్ ఉన్నోళ్ళకి సగం రేటుకి ఇచ్చేద్దామని కూడా అనుకోవద్దు, ఎందుకంటే ఇప్పటిదాకా మీరు మోసపోయిన మనిషి, ఆ ఆయిల్ అమ్మిన క్షణం నుంచి మీరు అమ్మినోడు. నిత్యావసర సరుకుల చట్టం 1955 కింద పెట్టే కేసుల్లో జైలు మూడు నెలల నుంచి ఏడేళ్ళ దాకా ఉంది, అది మీ నెత్తిన పెట్టుకోకండి.

ఇక మెకానిక్ మాట. ఆయన చెప్పింది నిజమే కావచ్చు, కానీ ముక్కుతో వాసన చూసి చెప్పింది రేపు ఎవరి ముందూ నిలబడదు. కాబట్టి మీరే ఒక పని చెయ్యండి. శుభ్రంగా ఆరబెట్టిన తెల్ల గాజు సీసాలో ట్యాంకు అడుగు నుంచి ఒక లీటరు తీసి, గంట కదపకుండా పెట్టి ఎండ వైపు ఎత్తి చూడండి. బంకు డీజిల్ అయితే లేత పసుపులో తేటగా, అవతల పక్క అక్షరాలు కనపడేలా ఉంటుంది. మబ్బుగా ఉన్నా, అడుగున నీళ్ళ గీత కట్టినా, నలుపు తిరిగినా, టర్పెంటైన్ లాంటి ఘాటు వాసన కొట్టినా అనుమానం గట్టిదే. నీలం ఛాయ కనపడితే అది రేషన్ కిరోసిన్ కలిసిన గుర్తు, ఎందుకంటే సబ్సిడీ కిరోసిన్‌కి గవర్నమెంటే నీలం రంగు వేయించేది, పక్కదారి పడితే పట్టుకోడానికి.

తర్వాత డెన్సిటీ. ఏ బంకులోనైనా 500 మిల్లీలీటర్ల జార్, హైడ్రోమీటర్, థర్మామీటర్, ఏఎస్‌టీఎం చార్టు (వేడిని బట్టి డెన్సిటీ అంకె సరిచేసే పట్టిక) ఉండాలి. మీరు రెగ్యులర్‌గా కొట్టించే బంకు మేనేజర్‌ని అడిగితే సాధారణంగా కాదనరు, మర్యాదగా అడగండి. మన బీఎస్ 6 డీజిల్ 15 డిగ్రీల దగ్గర లీటరుకి 845 గ్రాములు దాటకూడదు. మన ఎండల్లో 32 డిగ్రీల దగ్గర చూస్తే అంకె తక్కువ చూపిస్తుంది, ఉదాహరణకి 15 డిగ్రీల దగ్గర 830 ఉండే డీజిల్ అక్కడ దాదాపు 818 చూపిస్తుంది, అది చూసి కల్తీ అని కంగారు పడొద్దు, చార్టులో చూసి 15 డిగ్రీలకి మార్చుకోవాలి. కిరోసిన్ కలిస్తే అంకె బాగా కిందకి దిగుతుంది, బరువైన ఇండస్ట్రియల్ ఆయిల్ కలిస్తే పైకి పోతుంది. అయితే ఒకటి గుర్తు పెట్టుకోండి, రెండూ కలిపి అంకె సరిపోయేలా కొట్టే వాళ్ళు కూడా ఉన్నారు, అందుకే డెన్సిటీ సరిపోయినంత మాత్రాన ఆయిల్ మంచిదని తేల్చెయ్యకండి. ఖర్చైనా సరే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఒక శాంపిల్ ఇచ్చి డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం ఉందో లేదో రాయించుకోండి, ఆ కాగితమే తర్వాత మీకు పనికొచ్చేది.

అసలు బిల్లు లేని ఆయిల్ ఎందుకంత చవక అంటే, డీజిల్ ఇంకా జీఎస్టీలోకి రాలేదు, కేంద్రం ఎక్సైజ్ వేస్తుంది, దాని మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. ఏపీలో వ్యాట్ 22.25 శాతం, దానికి తోడు లీటరుకి 4 రూపాయల అదనపు వ్యాట్, రోడ్డు సెస్సు ఒక రూపాయి. తెలంగాణలో 27 శాతం. ఫ్యాక్టరీ పేరు చెప్పి ఇండస్ట్రియల్ ఆయిల్ తెచ్చి లారీ ట్యాంకులో పోస్తే ఆ డబ్బంతా ఎగ్గొట్టినట్టే, అదే వాళ్ళ లాభం. నిజమైన బయో డీజిల్ వేరే, దానికి ఐఎస్ 15607 అని ప్రమాణం ఉంది, అమ్మడానికి 2019లో కేంద్రం ఇచ్చిన గైడ్‌లైన్స్ ఉన్నాయి, రిజిస్ట్రేషన్ ఉండాలి. రాత్రి పూట దాబా వెనక పైపు పెట్టి కొట్టేది బయో డీజిల్ కాదు, ఆ పేరు పెట్టుకున్న ఇంకేదో.

నా అనుభవం ఒకటి చెప్తా. పాతికేళ్ళ కింద నా బండిలో డ్రైవర్ దారిలో ఆయిల్ అమ్ముకుని ఆ మేరకు కిరోసిన్ పోశాడు, నాకు తెలిసేసరికి నాలుగు నెలలైంది. అప్పటి ఇన్‌లైన్ పంపు మొండిది కాబట్టి ఎలిమెంట్లు, నాజిల్స్ మార్చి గట్టెక్కా. మీది ఆ రకం కాదు. మీది కామన్ రైల్, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు (దాన్నే రైలు అంటారు) నుంచి ఆయిల్ వెళ్తుంది, దాని పంపు 1,600 బార్ పైన ప్రెషర్ కొడుతుంది, దానిలోపల భాగాలు తడిగా జారేది డీజిల్ జిడ్డుతోనే, ఆ జిడ్డు లేని ఆయిల్ పోస్తే ఇనుము ఇనుముని రాసుకుని పొడి రాలి రైలు, ఇంజెక్టర్లు అన్నిట్లోకి వెళ్తుంది. బీఎస్ 6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం లోపే, ఈ తేడా ఆయిల్స్‌లో దానికి లెక్క ఉండదు, ఆ మసి అంతా డీపీఎఫ్‌లో కూరుకుంటుంది. మీ లైటు అందుకే వెలిగి ఉంటుంది, సెన్సర్ కూడా ఒకసారి చూపించండి.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఇద్దరు సాక్షుల ముందు, ఫోన్‌లో వీడియో తీస్తూ, నంబర్ ప్లేటు, మీటర్ రీడింగ్ కనపడేలా పెట్టి, ట్యాంకు డ్రైన్ బోల్ట్ విప్పి ఖాళీ చేయించండి. మూత బిగుతుగా ఉండే డబ్బాల్లో లీటరు చొప్పున మూడు శాంపిల్స్, తేదీ, సంతకాలు, టేపు, లక్కముద్ర. ఒకటి ల్యాబ్‌కి, రెండు మీ దగ్గర, ఎండ తగలని చోట. ట్యాంకు కడిగించి, రెండు ఫిల్టర్లూ, వాటర్ సెపరేటర్ బౌల్ మార్పించి, పాత ఫిల్టర్లు పారెయ్యకుండా కవర్లో పెట్టండి. మెకానిక్ దగ్గర జాబ్ కార్డు మీద "ట్యాంకులో డీజిల్ కాని ఆయిల్ ఉంది, ఇన్ని లీటర్లు తీశాం" అని రాయించండి. తీసిన ఆయిల్ కాలవలో పొయ్యొద్దు, ముందు ఒక అర్జీ రాసి తహసీల్దార్ ఆఫీసులో, జిల్లా సివిల్ సప్లైస్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి, వాళ్ళు తీసుకెళ్తే సరే, లేదంటే పొల్యూషన్ కంట్రోల్ బోర్డు గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కి కాగితం మీద ఇవ్వండి. ఆ రోజే తెలిసిన బంకులో డీజిల్ కొట్టించి బిల్లు లామినేషన్ చేయించినంత భద్రంగా దాచండి. రేపు దారిలో ఎవరైనా ఆపితే ఈ అర్జీ రసీదు, జాబ్ కార్డు, బంకు బిల్లు మూడూ కలిపి చూపిస్తే మీరు తప్పు దాచినోళ్ళు కాదు, తప్పు బయటపెట్టినోళ్ళు. రోడ్డు మీద ఎవరు పడితే వాళ్ళు శాంపిల్ తియ్యడానికి లేదు కూడా, 2005 డీజిల్ ఆర్డర్ ప్రకారం అధికారం ఇచ్చిన గెజిటెడ్ ఆఫీసరో, డీఎస్పీకి తగ్గని పోలీస్ ఆఫీసరో, ఆయిల్ కంపెనీ సేల్స్ ఆఫీసరో ఉండాలి.

ఆర్సీ సంగతి నన్ను ఎక్కువ భయపెడుతోంది. డబ్బులిచ్చి నెలైనా పేరు మారలేదంటే ఎలా అండి? రాష్ట్రంలోపల అయితే అమ్మినాయన 14 రోజుల్లో, కొన్న మీరు 30 రోజుల్లో ఆర్టీఏకి చెప్పాలి, పేరు మార్పుకి ఫారం 29, 30 వెయ్యాలి, ఫైనాన్స్ ఉంటే అది తీరిందని చూపే ఫారం 35 కావాలి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకి మార్చమని రాయాలి. ఆర్సీ మీద ఎవరి పేరుంటే వాళ్ళే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లో ఒక యాక్సిడెంట్ కేసులో తేల్చింది, అంటే ఇప్పుడు ఆ బండితో ఏం జరిగినా పాత ఓనర్ మెడకి కూడా చుట్టుకుంటుంది. ఈ ఒక్క మాట నెమ్మదిగా ఆయనకి చెప్పి చూడండి, "నాకేం తెలీదు" అనే గొంతు మారుద్ది. ఖర్చుల్లో వాటా అడగడానికి అదే సమయం. కానీ దయచేసి ఆ ఆయిల్ ఎక్కడిది, ఎవరమ్మారు అని ఒక్కరే వెతుక్కుంటూ వెళ్ళొద్దు. ఇది చిన్న దందా కాదు. 2005లో కల్తీ బంకు సీల్ చేశాడని ఇండియన్ ఆయిల్ సేల్స్ ఆఫీసర్ మంజునాథ్ షణ్ముగాన్ని లఖింపూర్ ఖేరీలో కాల్చి చంపారు, 2011 జనవరిలో మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేని సజీవంగా తగలబెట్టారు. వాళ్ళు ఆఫీసర్లు. మీరు ఇంట్లో పిల్లలున్న డ్రైవర్. అర్జీలో మీకు తెలిసింది రాయండి, మిగతాది ఆఫీసర్ల పని.

ఇంకోటి. అమ్మింది పాత బండ్ల వ్యాపారి అయితే కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళొచ్చు. లారీ అంటే వ్యాపారం కదా కేసు చెల్లదు అని భయపెడతారు, కానీ సొంతంగా నడుపుకుని పొట్ట పోసుకోడానికే కొన్నవాళ్ళని 2019 చట్టం వినియోగదారుగానే చూస్తుంది. మీరు ఓనర్ కం డ్రైవర్ కాబట్టి ఆ దారి మీకు ఉంది.

ప్రశ్న: మాది అమలాపురం. నేను కొన్న పాత లారీకి కింద అదనంగా ఇంకో ట్యాంకు వెల్డింగ్ చేసి ఉంది. పాత ఓనర్ యానాంలో రెండూ నింపుకునేవాడట, అక్కడ రేటు తక్కువ కదా. నేను కూడా అలా చేస్తే తప్పా?

జవాబు: యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది కాబట్టి అక్కడి పన్ను వేరు, అందుకే రేటు తక్కువ. దారిలో వెళ్తూ బండితో వచ్చిన ట్యాంకు నింపుకుని ఆ బండి నడపడానికే వాడుకుంటే తప్పేం లేదు, అది అక్కడ పన్ను కట్టిన డీజిలే, పెట్రోలియం చట్టం కూడా బండి ట్యాంకులో ఇంజిన్ కోసం ఉన్న ఆయిల్‌కి లైసెన్స్ అడగదు. కర్ణాటక బోర్డర్ దాటి కొట్టించుకునే అనంతపురం బళ్ళకైనా అంతే. డ్రమ్ముల్లో తెచ్చి ఊళ్ళో అమ్మితే మాత్రం అది మన రాష్ట్రానికి పన్ను ఎగ్గొట్టడమే, వాళ్ళనే విజిలెన్స్ పట్టుకునేది. ఇక మీ రెండో ట్యాంకు, అది ఆర్సీలో లేని మార్పు, ఫిట్‌నెస్‌కి వెళ్ళినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు, పైగా చూసినోడు ఎవరైనా ముందు స్మగ్లింగ్ అనే అనుకుంటాడు. వెల్డింగ్ చేసింది ఎవరో, ఎలా చేశారో తెలీదు, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు దాన్నే పట్టుకుంటారు. పీకించెయ్యండి. కోయించే ముందు ఆవిరి లేకుండా నీళ్ళతో నింపి కడిగించండి, ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

ప్రశ్న: నేను యూకేలో లీసెస్టర్‌లో ఉంటున్నా. కూరగాయల సప్లై కోసం వేలంలో ఫ్రిజ్ ఉన్న ఏడున్నర టన్నుల పాత లారీ కొన్నా. ట్యాంకు మూత తీస్తే ఆయిల్ ఎర్రగా కనపడుతోంది. ఇక్కడ రెడ్ డీజిల్ అంటే చాలా సీరియస్ అంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమే. అక్కడ పొలం పనులకీ మరికొన్నిటికీ తక్కువ పన్నుతో ఇచ్చే డీజిల్‌కి ఎర్ర రంగు వేస్తారు. 2022 మార్చిలో పెట్టిన రేట్ల ప్రకారం మామూలు డీజిల్ మీద లీటరుకి 52.95 పెన్స్ పన్ను అయితే రెడ్ మీద 10.18 పెన్సే. రోడ్డు మీద తిరిగే లారీ ఇంజిన్‌లో అది ఎప్పుడూ కుదరదు. హెచ్‌ఎంఆర్‌సీ (అక్కడి పన్నుల శాఖ) వాళ్ళ టెస్టింగ్ టీములు రోడ్డు మీదే ట్యాంకులో పైపు దించి చూస్తారు, దొరికితే బండి సీజ్ చేసే అధికారం వాళ్ళకుంది. మట్టితో, యాసిడ్‌తో రంగు తీసేసినా లాభం లేదు, 2015 నుంచి రంగుతో పాటు ఇంకో రసాయన గుర్తు కూడా కలుపుతున్నారు, అది పోదు. మీరు మాత్రం మూత తీసింది ఏ ట్యాంకుదో ముందు చూసుకోండి. ఫ్రిజ్ లారీలకి కూలింగ్ మోటార్‌కి వేరే ట్యాంకు ఉండొచ్చు, దాంట్లో 2022 మార్చి ఆఖరు దాకా రెడ్ పోసుకోనిచ్చారు, ఏప్రిల్ 1 నుంచి అది కూడా ఆపేశారు. ఎర్రగా ఉన్నది ఆ ట్యాంకే అయినా ఖాళీ చేయించాల్సిందే, ఇంజిన్ ట్యాంకు అయితే బండి కదపకుండా అక్కడికే మనిషిని పిలిపించండి. లైసెన్స్ ఉన్న వేస్ట్ క్యారియర్ తీసుకెళ్ళినట్టు కాగితం, వేలం ఇన్వాయిస్, రంగు కనపడే ఫోటోలు, ఫిల్టర్లు మార్చిన బిల్లు అన్నీ పెట్టి, కొన్నప్పుడే ఇలా ఉంది అని హెచ్‌ఎంఆర్‌సీకి మీరే ముందుగా రాయండి. ఒకసారి కడిగితే ఆనవాళ్ళు పోవు, మామూలు డీజిల్ పోసి మళ్ళీ తీయించి, సీసాలో ఎరుపు ఛాయ అస్సలు కనపడని దాకా ఆ బండి రోడ్డెక్కించకండి.