కష్టపడి డ్యూక్ (ఇంగ్లండ్‌లో అతి పెద్ద ప్రభు బిరుదు) అయినవాడు, ఒకప్పుడు తనకు దక్కని అమ్మాయినే ఏళ్ల తర్వాత పెళ్లాడటం నిజంగా జరిగిందా? ఆ అమ్మాయి టీచరమ్మ అయితే ఒప్పుకుంటుందా?

జరిగింది. ఆయన ఆర్థర్ వెల్లెస్లీ అనే బ్రిటిష్ సైన్యాధికారి, తర్వాతి రోజుల్లో వెల్లింగ్టన్ డ్యూక్.

1793లో ఐర్లండ్‌లో కిట్టీ పాకెన్‌హామ్‌ని పెళ్లి చేసుకుంటానని అడిగితే ఆమె సోదరుడు కాదన్నాడు. కుర్రాడికి ఆస్తి లేదు, అప్పులున్నాయి. ఆ బాధలో వెల్లెస్లీ తన వయొలిన్లు తగలబెట్టేశాడు. తర్వాత ఇండియా వచ్చాడు. 1799లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన హైదరాబాద్ నిజాం సైన్యం నడిచింది ఈయన వెనకాలే. 1803లో అస్సాయేలో మరాఠాలను ఓడించాడు. 1805లో పేరూ డబ్బూ సంపాదించుకుని తిరిగి వెళ్లాడు. డ్యూక్ బిరుదు 1814లో వచ్చింది. అంతా సొంత కష్టమే అనలేం. ఎర్ల్ (అదీ ఒక ప్రభు బిరుదే) గారి కొడుకు, పైగా అప్పట్లో సొంత అన్నే ఇండియాలో గవర్నర్ జనరల్.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ పెళ్లి జరిగిన తీరు. ఏళ్ల తరబడి చూడని మనిషిని, మళ్లీ ఒక్కసారైనా కలవకుండా ఉత్తరంలోనే పెళ్లి అడిగాడు. తాను చాలా మారిపోయానని కిట్టీ స్నేహితురాలి దగ్గర దిగులుపడింది కూడా. 1806 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో పెళ్లయింది. ఇద్దరు కొడుకులు పుట్టారు గానీ కాపురంలో పొసగలేదు. 1831లో ఆమె చివరి ఘడియల్లో ఆయన చొక్కా చేతిలోకి వేళ్లు పోనిచ్చి, ఒకప్పుడు తానిచ్చిన తాయెత్తు కోసం తడిమిందట. అది అక్కడే ఉంది.

ఇక టీచరమ్మ సంగతి. అప్పటి ఇంగ్లండ్‌లో పెళ్లయిన ఆడమనిషి జీతం చట్టప్రకారం భర్తదే. 1870లో గానీ ఆ చట్టం మారలేదు. తన కాళ్ల మీద తాను నిలబడ్డ టీచరు డ్యూక్ అడిగినా ఆలోచించుకుంటానంటే అది పొగరు కాదు.

నేనూ టీచర్నే. ఉద్యోగం లేదని మా నాన్న కాదన్న అబ్బాయి ఎనిమిదేళ్ల తర్వాత బెంగళూరు నుంచి వచ్చి మళ్లీ అడిగాడు. నాకు ఇష్టమే, కానీ చెప్పలేనంత టెన్షన్. అతను వస్తూ వస్తూ నాకిష్టమని పాలకోవా తెచ్చాడు. నేను తీపి మానేసి మూడేళ్లయింది. డీఎస్సీ రాసి తెచ్చుకున్న ఉద్యోగం వదిలేసి తనతో వచ్చేస్తాననే అనుకున్నాడు.

"నువ్వడుగుతున్నది అప్పటి అమ్మాయిని. నాతో ఆరు నెలలు మాట్లాడి, అప్పుడు అడుగు," అన్నాను.

ఏడు నెలలు పట్టింది. జీతం, బదిలీలు, అమ్మను ఎవరు చూసుకోవాలి, అన్నీ మాట్లాడుకున్నాం. రెండుసార్లు గట్టిగా పోట్లాడుకున్నాం. మూడోసారి వచ్చినప్పుడు పాలకోవా తేలేదు, కారప్పూస తెచ్చాడు. ఆ రోజే సరేనన్నాను.